పెద్దాయన బంతి మీంచి లేవలేదు

ఆ ఉదయం తీర్థలాల్ అనుకున్నది చాలా చిన్న సంగతి. విందుకు ఈసారి అక్క వస్తుంది, తన పక్కన కూర్చుంటుంది, ఏడాదికి సరిపడా తిట్టి వెళ్తుంది. దసరా రోజుల్లో చేసే మొహనీ పండగ వెళ్ళిన నాలుగోనాడు ఆడపడుచులను పిలిచి పెట్టే విందు అది. నేపాల్‌లో థిమి ఊళ్ళోని ఆ కుమ్మరి వంశానికి డెబ్భై నాలుగేళ్ళ తీర్థలాలే పెద్ద. అక్క చిరీమాయ ఉండేది నాలుగు సందుల అవతలే. మూడేళ్ళ కిందట పిలుపు పక్కింటివాళ్ళ చేత పంపారని అలిగి, అప్పట్నుంచి పుట్టింటి గడప తొక్కలేదు. అమ్మ పోయాక తన విస్తట్లోంచి ముద్దలు పెట్టి పెంచిన అక్క ఆమె. ఆమె రాని మూడు విందుల్లోనూ ఏం తిన్నాడో ఆయనకు గుర్తులేదు.

అందుకే కొడుకు పుష్కర్‌కు వారం ముందే చెప్పాడు. "మీ అత్త గడప దగ్గరికి వెళ్ళి, దండం పెట్టి, నోటితో పిలువు."

మధ్యాహ్నానికి మేడ మీద గడ్డి చాపలు పరిచారు. నలభై మంది వయసు వరసన కూర్చున్నారు. అటుకులు, నల్ల సోయా గింజలు, కాల్చిన గేదె మాంసం, వెదురు మొలకల పులుసు వడ్డించారు. తీర్థలాల్ మెట్లవైపే చూస్తూ తిన్నాడు. ఇంట్లో కాచిన సారా మూడో విడత పోసేసరికి ఆగలేక కొడుకును పిలిచాడు.

"మీ అత్త ఏదిరా?"

"మెసేజ్ పెట్టాను నాన్నా. చూసినట్టు నీలం టిక్కులు కూడా వచ్చాయి."

"మీ అత్తకు ఫోన్ ఎక్కడిది?"

"వాళ్ళ మనవడికి పెట్టాను."

"రేపు నన్ను కాటికి కూడా మెసేజ్‌లోనే పంపుతావు."

"ఇప్పుడు వెళ్ళి పిలవనా?"

"సగం బంతిలో పిలిస్తే కుక్కలొస్తాయి, మీ అత్త రాదు."

అంతలో కోడలు సబిత పెరుగు తెచ్చింది. పెరుగు తిని పెద్ద లేచాడంటే విందు ముగిసినట్టే. పెద్ద లేవందే మరొకరు లేవడానికి వీల్లేదు. ఇప్పుడు లేస్తే అక్క లేకుండా మరో పండగ వెళ్ళిపోతుంది. తీర్థలాల్‌కు దిగులు ముంచుకొచ్చింది. పెరుగు వద్దని, "ఇంకాస్త సోయా గింజలు వెయ్యమ్మా," అన్నాడు.

పెరుగు పులిసిందని మామగారికి కోపం వచ్చిందనుకుని, సబిత మొగుణ్ణి మరో కుండ తెమ్మని భక్తపూర్ తరిమింది. వరసలో రెండోవాడైన బేఖారత్నకు ఇంకో అనుమానం వచ్చింది. "అన్నయ్యా, నీకంటే ముందు నాకు సారా పోసింది ఆ వడ్డించే పిల్లే. నేను అడగలేదు," అన్నాడు. తీర్థలాల్ మెట్లవైపే చూస్తూ గింజలు నమిలాడు. దాంతో కోపం ఖాయమైపోయింది. గంటన్నర గడిచింది. నలభై జతల కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒక అల్లుడైతే తన కాలనుకుని పక్కవాడి కాలు నొక్కుకుంటున్నాడు.

సోయా గింజలు నిండుకుంటే పక్కింటావిడ చేటతో తెచ్చిచ్చి, పెద్దాయన లేవడం లేదన్న కబురు పట్టుకెళ్ళింది. మొదటి సందులో అది లేవలేకపోవడం అయింది. రెండో సందులో కాలూ చెయ్యీ పడిపోయాయి. నాలుగో సందుకు చేరేసరికి ఆయనకు నోట మాట కూడా లేదు.

చిరీమాయ ఒక కాలికే చెప్పుతో మెట్లెక్కి వచ్చింది. తమ్ముడు నిండు నోటితో సోయా గింజలు నములుతున్నాడు. ఏడుపు దిగమింగుకుని ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నానక్కా. కూర్చో."

"పిలవని బంతిలో కూర్చోడానికి నేనేం కాకినా? జబ్బు మనిషిని చూడ్డానికొచ్చాను. జబ్బు లేదు. పోతున్నాను."

ఆమె దిగి వెళ్ళిపోయింది. తీర్థలాల్ లేచాడు. నలభై మందీ గోడలు పట్టుకుని లేచి, దేవుడి దయ అనుకున్నారు.

ఆయన చెయ్యి కడుక్కుని నాలుగు సందులు దాటి వెళ్ళాడు. అక్క ఎక్కడికీ వెళ్ళి రానట్టు గడప మీద కూర్చుని ఉంది. ఎర్రంచు నల్లచీర కట్టుకుంది, విందులకు కట్టేది. మడతలు చూస్తే తెల్లవారుజామునే కట్టినట్టుంది. ఆయన ఆమె పాదాల మీదికి వంగాడు.

"అక్కా, ఇవాళ మనింట్లో విందు. నువ్వు రావాలి."

"ఆ మాటకు మూడేళ్ళు పట్టిందిరా నీకు. ఏటా ఈ విందు రోజున నేను పొయ్యి వెలిగించడం మానేసి మూడేళ్ళయింది. ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని."

తీర్థలాల్ ఆమెను లేవదీశాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వరస మొదట తన చోటులోనే కూర్చోబెట్టి, పక్కన తను కూర్చున్నాడు. పెద్దవాళ్ళు బంతిలో ఉండగా చిన్నవాళ్ళు నిలబడకూడదు. నలభై మందీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మళ్ళీ చాపల మీద చతికిలబడ్డారు.

చిరీమాయ అటుకులు నమలడం మొదలుపెట్టింది. ఆమెకు మిగిలినవి నాలుగు పళ్ళు.