అడ్డకర్రల బండి

చాలా పెద్ద అడవి. అంత అడవికీ కలిపి ఉన్నది ఒకటే బండి. నాలుగు చక్రాలది, దుప్పి లాగేది. వాగు ఒడ్డు నుంచి గుట్ట మీదికి ఎవరు వెళ్లాలన్నా అదే దిక్కు.

వానలు దగ్గరపడ్డాయి. వాగు పక్క పొదలో చుక్కమ్మ అనే అడవికోడి గుడ్లు పెట్టుకుంది. నీళ్లొస్తే గూడు మునుగుతుంది, గుడ్లు గుట్టెక్కించాలి. కిందటేడు అలాగే తీసుకెళ్తుంటే రాళ్ల మలుపులో బండి ఊగి, గంపలో సగం గుడ్లు చితికిపోయాయి. అది తలుచుకుంటే చుక్కమ్మకు ఇప్పటికీ గింజ మింగుడుపడదు.

అందుకే వెళ్లి బండి సంఘానికి మొరపెట్టుకుంది. సంఘానికి అధ్యక్షులవారు ఎలుగుబంటి, ఇంజనీరు నక్క. నక్క బండి కింద దూరి, బయటికొచ్చి ఒళ్లు దులుపుకుని, బండి చట్రం వదులైందని తేల్చింది. అడుగున ఒక వెదురు అడ్డకర్ర బిగిస్తే ఇక మలుపులో కదలదట.

బిగించారు. ప్రారంభోత్సవానికి అధ్యక్షులవారే ఎక్కారు. వెనకాల కూర్చున్నది ఎవరో తెలుసు కాబట్టి దుప్పి పూల మీద నడిచినట్టు నడిచింది. మలుపు దగ్గర ఆగి, చూసుకుని, మెల్లగా తిప్పింది.

"ఎలా ఉందండీ?" అని అడిగింది నక్క.

"ఊగితే ఒట్టు. అంతా కర్ర మహిమ," అన్నారు అధ్యక్షులవారు.

అబద్ధం ఎందుకు, బండి కిర్రుమనడం కాస్త తగ్గింది కూడా.

మర్నాడు ముళ్లపంది ఎక్కింది. దుప్పి ఎప్పటిలాగే పరుగు తీసింది. మలుపులో ముళ్లపంది ఎగిరి తుప్పల్లో పడింది. ఒక్క కర్ర చాలదని నక్క ఇంకోటి బిగించింది. మళ్లీ ప్రారంభోత్సవం, మళ్లీ అధ్యక్షులవారు, మళ్లీ మెప్పు. ఆ మర్నాడు ఇంకెవరో తుప్పల్లో. ఇలా కర్ర మీద కర్ర పడి, అడుగున చాలక పైన కూడా బిగించేసరికి, బండిలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఇదివరకు బండి రాళ్ల మీద కాస్త వంగి నాలుగు చక్రాలూ నేలకు ఆనించేది. ఇప్పుడు కట్టెలా బిగుసుకుపోయి, మలుపులో ఒక చక్రం గాలిలోనే ఉంటోంది.

చుక్కమ్మకు ఆశ్చర్యం. పెద్దవాళ్లు ఎక్కితే ఊగదు, మనం ఎక్కితే ఊగుతుంది. కర్రకు కూడా హోదా తెలుస్తుందా?

వెళ్లి దుప్పినే అడిగింది. "నాయనా, అధ్యక్షులవారుంటే అంత నెమ్మదిగా ఎందుకు నడుస్తావు?"

"ఆయన పడితే నా ఉద్యోగం పోతుంది పిన్నీ."

"మరి నా గుడ్లు పడితే?"

"సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు కదా," అంది దుప్పి, చాలా మర్యాదగా.

చుక్కమ్మ సంఘానికి వెళ్లింది కానీ అర్జీ పెట్టలేదు. తన గుడ్లు అధ్యక్షులవారి చేతుల మీదుగా గుట్టెక్కితే పిల్లలకు శుభమని వినయంగా చెప్పుకుంది. అధ్యక్షులవారు పొంగిపోయారు. తీరా చూస్తే ఆ కర్రల మధ్య ఆయన ఒళ్లు పట్టలేదు. నక్క గొణుక్కుంటూ కర్రలన్నీ ఊడదీసింది. ఆయన గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, చుక్కమ్మ పక్కన నిలబడింది. చినుకులు మొదలయ్యాయి. దుప్పి మాత్రం తొందరపడలేదు. గుట్ట మీద దిగి చూసుకుంటే ఒక్క గుడ్డుకూ నెర్రె లేదు.

సాయంత్రం సంఘం తీర్మానించింది: కర్రలు తీసేస్తే బండి ఊగదు. కనిపెట్టినందుకు నక్కకు సన్మానం.

మర్నాటి నుంచి బండెక్కే ప్రతివాళ్లూ అధ్యక్షులవారిని పక్కన కూర్చోమనడం మొదలుపెట్టారు. ఆయనకు పొద్దంతా బండిలోనే సరిపోయింది. సంఘం మళ్లీ సమావేశం కాలేదు. కాలేదని అడవిలో ఎవరూ గమనించనూ లేదు.

నీతి: బండికి ఎన్ని కర్రలు కట్టినా, ఎన్ని విప్పినా ఫరవాలేదు, అధ్యక్షులవారిని మాత్రం దిగనివ్వకూడదు.