పిడక తగలని చొక్కా

దూదిబుట్ట పక్కకు నెట్టి ఇట్ల నా మోకాటి దగ్గరికి జరగండి. మన వీధి కబడ్డీ జట్టు ఒక ఏడంతా ఓడిన సంగతి చెబుతాను. నవ్వేవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకోండి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు అది. మన ఆదోని జట్టు పెద్దకడుబూరులో ఓడింది, సి.బెళగల్‌లో ఓడింది, ఎమ్మిగనూరు జాతరలో మగ్గాల వాళ్ళ చేతిలో అయితే మట్టి కరిచింది. పరుపులు కుట్టే నబీ సాబ్‌కు ఆ జట్టంటే ప్రాణం. ఓడినప్పుడల్లా పిల్లలు దిగులు పడతారని అందరినీ ఇంటికి పిలిచి అన్నం పెట్టించేవాడు. వండేది మాత్రం ఆయన భార్య మున్నీ బీ.

ఉగాది పోయిన మరునాడు పొద్దున, బండి తోలే రంగన్నతో అరుగు మీద టీ తాగుతూ నబీ సాబ్ జట్టును బాగుచేసే ఆలోచనలో పడ్డాడు.

"పరుపు గడ్డ కట్టిందప్పా. పైగుడ్డ మారిస్తే ఏం లాభం? అంతా ఏకి మళ్ళా నింపల్ల."

"ఏకేదానికి దూది యాడుంది సాబూ, అన్నీ గింజలే," అన్నాడు రంగన్న.

"ఆదివారం ఎమ్మిగనూరోళ్ళ చేతిలో మళ్ళా ఓడితే నా పొయ్యి వెలగదు," అంది లోపల్నుంచి మున్నీ బీ. "నువ్వు గూడా ఆ పిల్లోళ్ళతో మైదానంలో మన్ను తిను."

నబీ సాబ్‌కు టీ గొంతులో అడ్డం పడింది. ఆట పోతే పోయింది, మున్నీ బీ చేతి కూర పోతే మనిషి బతకడం ఎట్లా?

రంగన్నకు ఉపాయం తట్టింది. "ఈ పొద్దు కైరుప్పలలో పిడకల కొట్లాట గదా. ఊరు రెండు పక్కలై ఇసురుకుంటారు. అంత పిడకల వానలో ఎవని సొక్కాకు పిడక తగల్లేదో వాణ్ణి పట్టుకొస్తాం. ఇంక మగ్గాలోళ్ళ చేతికి వాడు చిక్కుతాడా?"

బస్సెక్కి పోయారు. రంగన్న చెవికి ఒకటి, నబీ సాబ్ టోపీకి ఒకటి తగిలాయి. దుమ్ము అణిగాక చూస్తే, బూడిదరంగు మనుషుల నడుమ ఒకడు తెల్లచొక్కా నలగకుండా నిలబడి ఆవులిస్తున్నాడు. పేరు వెంకటేశులు.

"నాకు ఆట రాదన్నా," అన్నాడు వాడు.

"చూసినావా, గర్వం గూడా లేదు," అని మురిసిపోయాడు నబీ సాబ్. "ఆదివారం దాకా మా ఇంట్లోనే తిండి."

తిండి మాట విన్నాక వాడు నోరు మూసుకొని బస్సెక్కాడు.

ఇంటికొచ్చి తిన్నాడు, పడుకున్నాడు, లేచి తిన్నాడు. ఆట నేర్పుదామని పిల్లలు వస్తే నబీ సాబ్ తరిమేశాడు. "పులికి గోకేది నేర్పుతార్రా?"

మున్నీ బీకి అనుమానం వచ్చింది. రొట్టె వేస్తూ అడిగింది. "నిజం సెప్పప్పా, నీకు ఒక్క పిడకా తగల్లేదా?"

"అక్కోళ్ళింటికి పండగకు పోయింటినమ్మా. కొట్లాటంటే నాకు బయం. వాకిలేసుకొని పండుకుంటి. సద్దు అణిగినాక బయటికొస్తి."

ఈ మాట మొగుడికి చెబితే ఇంకొకణ్ణి తెస్తాడు, వాడికీ రొట్టెలు చెయ్యాలి. అందుకని మున్నీ బీ, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన చెల్లెలు నసీబ్‌బీ చెవిలో వేరే మాట వేసింది: "ఆ పిల్లోణ్ణి పట్టుకున్నోని చెయ్యి మూడు దినాలు లేవదంట." ఆ మాట ఎమ్మిగనూరు చేరేసరికి మూడు దినాలు కాస్తా నెల అయింది. మగ్గాల దగ్గరికి పోయేసరికి, ఆ చెయ్యి ఇక జన్మలో నేత పనికి రాదని తేలింది.

ఆదివారం ఆట చివరికొచ్చింది. మన వాళ్ళు రెండు పాయింట్లు వెనక. ఆఖరి కూతకు వెంకటేశులును నెట్టారు. వాడు కళ్ళు మూసుకొని, కాళ్ళు వణుకుతూ కూత పెట్టాడు.

"వణుకుతాండాడు సూడు, శక్తి దిగుతాంది," అన్నాడు మగ్గాల వాళ్ళ పెద్ద లక్ష్మప్ప. "చేతులు భద్రం రా, ఇంటికాడ చీర సగంలో ఉంది."

ఏడుగురూ చేతులు చంకల్లో దాచుకొని వెనక్కి జరిగారు. జరిగి జరిగి గీత దాటారు. విజిల్ మోగింది. గీత దాటినవాళ్ళంతా అవుట్. వెంకటేశులు కళ్ళు తెరిచేసరికి నబీ సాబ్ భుజాల మీద ఉన్నాడు.

ఆ సంతోషంలో నబీ సాబ్ మైదానం నడుమ నిలబడి అరిచాడు. "రెండు జట్లూ మా ఇంటికి రాండప్పా, పలావు."

ఓడినప్పుడు ఒక జట్టుకే వండిన మున్నీ బీ, గెలిచిన పాపానికి రెండింటికీ వండింది.

ఇది మనసులో పెట్టుకొని మీ పిల్లలకూ చెప్పండి. వాడు వాకిలేసుకొని పడుకున్న సంగతి మాత్రం ఎమ్మిగనూరులో ఎత్తొద్దు, మన వాళ్ళు ఈ ఏడు కూడా ఓడుతున్నారు.