దిక్కు తప్పిన యాంటెన్నా

“నా కంటపడని నేరం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుడితే పురిట్లోనే పట్టేస్తా!” అని గుమ్మంలోనే ప్రకటించాడు డేగకన్ను. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా దానికోసం వెతికే మనిషికి ఇంకెవరు పెడతారు?

రేడియో మెకానిక్ నిట్టూర్చాడు. వచ్చినవాడు భార్యకు తమ్ముడు, తనకు తలనొప్పి.

కూతురు నడిసముద్రంలో ఓడ మీద పనిచేస్తోంది. ఉపగ్రహం నెత్తిమీదుగా పోయే పది నిమిషాల్లో దాని ద్వారానే రేడియోలో మాట్లాడుకుంటారు. రేపటికి ఓడ అందనంత దూరం పోతుంది. ఇవాళ తప్పితే మళ్లీ రెండు నెలలకే ఆ గొంతు. తీరా చూస్తే, మేడ మీద యాంటెన్నాను తిప్పే మోటారు, కంప్యూటర్ తూర్పు అంటే పడమరకు పోతోంది. చేత్తో తిప్పుదామంటే మీటలు పోయిన నెలే విరిగాయి.

“బావా, నీకు శత్రువులున్నారా?”

“ఎదురుగానే ఉన్నాడు.”

“పేరు చెప్పు!” డేగకన్ను నోటుబుక్కు తీశాడు.

“ఒరేయ్, పావుగంటలో పిల్ల లైన్లోకొస్తుంది. నీ వేషాలు తర్వాత,” అంది అక్క.

“ఇది మోటారు తిక్క కాదక్కా, దేశాంతర కుట్ర!” ఒక చేత్తో దిక్సూచి, రెండో చేత్తో అయస్కాంతపు మొన ఉన్న స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. ముల్లు గిరగిరా తిరిగింది. “చూశారా! ఉత్తర దిక్కునే ఎత్తుకుపోయారు!”

“ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టరా దిక్కుమాలినోడా, అదే తిరిగొస్తుంది.”

“నిన్న మోటారును నడిపే ఈ పెట్టెను ముట్టుకున్నదెవరు?”

“మేమే. కిటికీ దగ్గర్నుంచి ఈ బల్ల మీదికి మార్చాం. నేను పెట్టె ముందు నుంచి చెప్తుంటే మీ అక్క దాని వెనక నిలబడి తీగలు బిగించింది.”

“అయితే ఇంటిదొంగే!”

“చెప్పుతో కొడతా,” అంది అక్క.

ఇంతలో ఉపగ్రహం రానే వచ్చింది. స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మెకానిక్ చేతులు ఆడలేదు. తెలివైనవాడికి చేతులాడని చోటే తెలివితక్కువవాడికి కాళ్లాడతాయి.

“నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు!” అంటూ డేగకన్ను ఠీవిగా ఒకడుగు వెనక్కి వేశాడు. కాలికి పెట్టె తీగలు చుట్టుకుని రెండు ఊడొచ్చాయి. చెమటలు కక్కుతూ మళ్లీ గుచ్చేశాడు.

“ఏది ఎక్కడ పెట్టావురా?”

“దొరికిన చోట, బావా.”

మేడ మీద మోటారు మూలిగింది. యాంటెన్నా తూర్పుకు తిరిగింది.

“అమ్మా... వినిపిస్తోందా?”

నిన్నట్నుంచీ ఆ రెండు తీగలే తారుమారుగా ఉన్నాయని మెకానిక్‌కు అప్పుడు వెలిగింది. “ఎర్ర తీగ ఎడమకి పెట్టమన్నాను కదే!”

“ఎడమకే పెట్టాను!”

“ఎవరి ఎడమ?”

“పెట్టింది నేనైతే మీ ఎడమ ఎందుకవుతుంది?”

“కేసు తేలింది!” డేగకన్ను చెయ్యెత్తాడు. “ఒకే ఇంట్లో రెండు ఎడమలు!”

“మీ ఎడమలు మండిపోను, జరగండి!” అక్క మైకు లాక్కుంది. “తిన్నావా తల్లీ?”

“తిన్నానమ్మా. ఇంతసేపు ఏమైపోయారు?”

మెకానిక్ నోరు తెరిచేలోపే డేగకన్ను మైకు మీద పడ్డాడు. “దొంగిలించిన ఉత్తర దిక్కును మీ మావయ్య విడిపించుకొచ్చాడు తల్లీ!”

సముద్రం మధ్యలోంచి పిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వు గదంతా నిండింది. మెకానిక్ బావమరిదిని మేడ మీంచి తోసే పనిని రెండు నెలలు వాయిదా వేసుకున్నాడు.