సెకనుకు నూటిరవై బొమ్మలు

రిజ్వాన్‌ను నేను ఓడించిన సంగతి మీరు వినే ఉంటారు. కోరుట్లలో విననివాడు లేడు, అందరికీ నేనే చెప్పాను. అసలు సంగతి మాత్రం మన నలుగురి మధ్యనే ఉండాలి.

దుబాయిలో ఉండే మా బామ్మర్ది వేణు ఈసారి సెలవుకి వస్తూ బంగారం తేలేదు, అత్తరు తేలేదు, ఒక గేమ్ కన్సోల్ తెచ్చాడు. "బావా, ఇగ నీకు టైంపాసే టైంపాస్" అన్నాడు. నాకు ఎరువుల దుకాణం ఉందనీ, టైం ఆల్రెడీ బాగానే పాసవుతోందనీ వాడికి తట్టలేదు.

మొబైళ్లు రిపేరు చేసే రిజ్వాన్ ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరం కన్సోల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. అంటే, అతను ఆడేవాడు, నేను గోల్స్ లెక్కపెట్టేవాణ్ని. ఓడిపోయి ఊరుకుంటే నేను ప్రేమ్‌కుమార్‌ను ఎట్లా అవుతాను? "నాదేం తప్పు లేదు, గీ పాత టీవీ స్లో. నేను బటన్ నొక్కిన ఎంతసేపటికో బంతి కదుల్తది" అన్నాను.

దాంతో రిజ్వాన్ నాకు 'బఫరింగన్న' అని పేరు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక బజారంతా పంచాడు. "బఫరింగన్నా, యూరియా అచ్చిందా?" అని రైతులు అడగడం మొదలుపెట్టాక నాకు తిండి సయించలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి రిజ్వాన్‌ను ఓడించాలి. దానికి మంచి మానిటర్ కావాలి.

మా ఆవిడ కల్పనది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. పుట్టింటి నుంచి చీరలు తెప్పించి ఫోన్లో లైవ్ పెట్టి అమ్ముతుంది. సరిగ్గా అక్కడే నాకు ఐడియా వచ్చింది.

"కల్పనా, నీ చీరల లైవ్ కోసం ఒక పెద్ద మానిటర్ కొందామా? ఎవలేం అడుగుతున్నరో పెద్దగ కనవడ్తది."

"నాకోసమా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం గిట్ల లేదు గదా!"

"మామూలుది కాదు, సెకనుకు నూటిరవై బొమ్మలు చూపిస్తది."

"చీరెను చూసేటందుకు నూటిరవై బొమ్మలెందుకు? మా నాయిన బట్ట నేసే సాంచెను గంత జోరుగ నడిపిస్తే పోగులన్నీ తెగుతయ్. గంటకొక పని చేయవు గని, సెకనుకు నూటిరవై బొమ్మలేం జేసుకుంటవ్?"

"నాకు కాదే, నీకు!"

"సరే మరి, నాకే గదా" అంది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

జగిత్యాలలో షాపుకు వెళ్లాం. సేల్స్‌మన్ రెండు వందల నలభై హెర్ట్జ్‌లది, అంటే సెకనుకు అన్ని బొమ్మలది, చూపించి, ఇదే బెస్ట్ సార్ అన్నాడు. నేను మూడు రోజులు వీడియోలు చూసి ముదిరిపోయి ఉన్నాను. "నా కన్సోల్ నూటిరవై కన్నా ఎక్కువియ్యదయ్యా. ఆ నూటిరవై సరిగ్గ తీసుకునే కేబుల్ పోర్టు దేనికుందో గది చూపెట్టు" అని గద్దించాను.

"చీరెలకు కన్సోల్ ఏంది?" అంది కల్పన పక్క నుంచి.

"అదీ... చీరెలను కూడా కన్సోల్ల నుంచి..." అని నేను నీళ్లు నమిలాను. సేల్స్‌మన్ పాపం, వాడు అటు తిరిగి నవ్వుకున్నాడు.

పోర్టు చూశాను, స్పీడు చూశాను. చూడాల్సింది ఒక్కటే చూడలేదు. ఇంటికి తెచ్చి పెట్టి ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. దానికి స్పీకర్లే లేవు!

"గంత పైసలు వోసి మూగదాన్ని తెచ్చినవా కొడుకా?" అంది మా అమ్మ దేవవ్వ.

చేసేది లేక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. అదీ బాగానే ఉంది. దుకాణం నుంచి రావడం, హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం, ప్రాక్టీసు. బంతి వెన్నలా కదులుతోంది. మధ్యలో కల్పన వచ్చి పెదాలు కదిలించేది. నేను "ఊఁ" అనేవాణ్ని. ఇరవై ఏళ్ల కాపురంలో ఊఁ అంటే ఏ గొడవా ఉండదని నేర్చుకున్నాను.

ఆదివారం పొద్దున లేచేసరికి టేబుల్ మీద మానిటర్ లేదు. అది ముందు గదిలో చీరల కుప్ప మధ్య, కల్పన ఎదురుగా కూర్చుంది.

"ఏందిది? ఇయ్యాల మ్యాచుంది!"

"ఇయ్యాల పెద్ద లైవుంది, మానిటర్ తీస్కుంటా అన్న. ఊఁ అంటివి."

"నేనెప్పుడన్న?"

"అన్నవ్ కొడుకా" అంది మా అమ్మ. "నా టీవీల మ్యాచ్ ఆడుకుంటవా అంటె గూడ ఊఁ అన్నవ్. సీరియల్ ఇడిశిపెట్టి ఇస్తున్న, ఆడుకో."

రిజ్వాన్ రానే వచ్చాడు. పాత టీవీ చూసి, "ఏమన్నా, మళ్ల బఫరింగేనా?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కూర్చున్నాం. ఏం జరిగిందో ఏమో, అతని గోల్‌కీపర్ నిద్రపోతున్నట్టే ఉన్నాడు. నేను ఎటు కొట్టినా లోపలికే! ఆట అయిపోయేసరికి నేను సోఫా మీద నిలబడి ఉన్నాను.

"గెల్చిన! కల్పనా, గెల్చిన! అమ్మా, నీ కొడుకు గెల్చిండే!"

కల్పన పరుగెత్తుకొచ్చింది. కళ్లలో ఎంత సంతోషమో! "గెల్చినవా? పాత టీవీలనే గెల్చినవా?"

"పాత టీవీలనే!" అని రొమ్ము విరుచుకున్నాను.

"అయితే టీవీ మంచిగనే ఉన్నట్టు గదా. ఇగ ఆ మానిటర్ నాకే ఉండనీ."

సోఫా మీద నుంచి మెల్లగా దిగాను.

రిజ్వాన్‌ను సాగనంపడానికి గేటు దాకా వెళ్తే, అతని బండి హ్యాండిల్‌కు చీర కవరు వేలాడుతోంది. "మా ఇంటామె యాస్మీన్‌కు. భాభీ ఊకెనే ఇచ్చింది, పైసలు తీస్కోలే" అన్నాడు. ఎందుకు ఊకెనే ఇచ్చిందని అడిగేలోపు కిక్కు కొట్టి సందు దాటేశాడు. నాకు అప్పుడు లైటు వెలిగింది.

బుసలు కొడుతూ లోపలికి వచ్చాను. "చీరె ఇచ్చి ఓడిపొమ్మని చెప్పినవా వానికి?"

కల్పన తాపీగా చీర మడత విప్పింది. "చెప్పిన అంటె నువ్వు గెల్వనట్టు. చెప్పలేదంటె గెల్చినట్టు. బజార్ల ఏం జెప్పుమంటవో నువ్వే జెప్పు, గదే జెప్త."

మా అమ్మ కూడా సీరియల్ మ్యూట్‌లో పెట్టి నా వైపే చూస్తోంది. ఎంత ఆలోచించినా మూడో జవాబు దొరకలేదు.

"గెల్చిన" అన్నాను.

"మా మొగడు గెల్వక!" అని ఆ చీర నా భుజాల మీద కప్పింది. "జర ఆ లైటుకు ఎదురుంగ నిలవడు, లైవ్ షురూ అయితంది."