ఇరవై రెండు పూతల కోట

శ్రోతలారా, చెవులొగ్గుడు! వేసవి మూటాముల్లె సర్దుకొని పోవుటయా మానుటయా యని గుమ్మమున తటపటాయించుచున్న ఒకానొక ఆదివారమున, మధ్యాహ్నభోజనానంతర నిద్రాముద్రిత సకలజనలోచనమైన వేళ, విశాలనదీతీరమున, తుప్పుపట్టిన రేకుల పాక నీడలో, ఒక మహావీరుడు విప్పదీసిన ఇంజను ముందు గొంతుక్కూర్చుండెను. అతని ముక్కుమీద గ్రీజు ఉండెను.

అతడు సామాన్యుడా? ఉత్తుంగతరంగభంగచతురుడు, చుక్కానిధారణధురంధరుడు, జనులను ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డునకు చేర్చు పడవకు ఏకైకాధిపతి, రేవువారందరు సరంగని పిలుచు ధీరుడు. అతని ఇంజనో, అప్పటికే రెండు చేతులు మారి వచ్చినది, ప్రళయజీమూతగర్జనాభీకరము, ధూమోద్గారదుర్నిరీక్ష్యము. ఏటేటా వానలకు ముందు సరంగు దానికి స్వహస్తములతో నిండుగా రంగు పూయును. అట్లు ఇరవై రెండు పూతలు పడెను. కట్టుకున్న ఇల్లాలికి ఏడాదికొక చీర మరచెనేమో గాని, ఇంజనుకు రంగు మరచి యెరుగడు.

అట్టి ఇంజను ఆ ఉదయమున నడినదిలో ఆవిరి గ్రక్కి మూగవోయెను. నీటిని పీల్చి ఇంజనును చల్లబరచు పంపులో అరచేతిలో ఇమిడెడు రబ్బరు చక్రమొకటి గలదు. దాని రెక్కలు తెగి అసువులు బాసెను. కొత్త తెల్లపడవ వాడొకడు తాడు వేసి సరంగు పడవను ఒడ్డుకు లాగెను. రేవంతయు చూచెను.

అదియే యైనచో వీరుడు ఓర్చుకొనెడివాడు. కాని మరునాడు ఎనిమిది గంటలకు అతని ఒక్కగానొక్క కూతురు ఆవలి ఒడ్డు ఆసుపత్రిలో నర్సుగా చేరవలెను. "నా బిడ్డ తొలిరోజు ఉద్యోగానికి నా పడవలోనే వెళ్తుంది" అని సరంగు నెలరోజులుగా కనిపించిన ప్రతివానికి చెప్పియుండెను, కనిపించనివానికి కబురంపియుండెను.

"అన్నా, బెంగ పెట్టుకోకు. రేపు అమ్మాయిని నేను దింపేస్తాలే" అనెను తెల్లపడవవాడు, తాడు విప్పుచు. పాపము మంచిమనసుతోనే అనెను. అయినను ఆ మాట వీరునకు పుండుమీద కారము చల్లినట్లుండెను.

అంతట సరంగు క్రోధారుణలోచనుడై, సైకిలెక్కి, రేవువీథి చివరనున్న విడిభాగముల కొట్టుపై దండెత్తెను. నేలనుండి కప్పుదాకా సొరుగులు, సొరుగుల మీద అట్టపెట్టెలు, వాని నడుమ కళ్లజోడు నుదుటికెక్కించుకొని కొట్టాయన.

"ఏ ఇంజనుకన్నా?"

"అదేం ప్రశ్న తమ్ముడూ? నీలం ఇంజను. నాదే!"

"రంగు కాదన్నా, నెంబరు చెప్పు."

"రేవంతా ఎరిగిన ఇంజనుకి నెంబరెందుకయ్యా? నీకు ఇంటి నెంబరు చెప్తేనే నన్ను గుర్తుపడతావా?"

కొట్టాయన నిట్టూర్చి, ఉజ్జాయింపుగా ఒక చక్రమిచ్చెను. అది ఇరుసుపై వదులై గిర్రున తిరిగెను. వీరుడు మరల వెళ్లెను. రెండవది ఇరుసును చక్కగా పట్టెను గాని ఎత్తు హెచ్చగుటచే పంపు మూత మూతపడదాయెను. మూడవమారు అతడు పాత చక్రపు కళేబరమునే జేబులో వేసుకొనిపోయి బల్లపై నుంచెను.

"ఇది కాగి ముడుచుకుపోయిందన్నా, కొలతకి పనికిరాదు" అని కొట్టాయన లావుపాటి పుస్తకము విప్పెను. "ఇదిగో, నీ ఇంజను తయారైన ఏడాది ఒకే మోడలుకి మూడు రకాల పంపులు పెట్టారు. ఏది నీదో నెంబరే చెప్పాలి. ఇంజనును పడవకి బిగించే బ్రాకెట్టు మీద చిన్న పలకుంటుంది, చూసిరా. అయిదింటికి షట్టరు దించేస్తాను, ఆ తర్వాత నీ ఇష్టం."

అప్పటికి నాలుగున్నర. సరంగు తిరిగివచ్చి బ్రాకెట్టును నలుదిక్కుల తడిమెను. నీలిమయే గాని పలక కానరాదు.

"నా ఇంజనుకి పలకే లేదు!" అని సింహనాదము చేసెను.

టీ పట్టుకొని వచ్చిన భార్య చూచి, "ఎందుకుండదండీ? ఏటేటా దాని మీదేగా మీరు రంగు పులిమేది. గీకండి, అదే వస్తుంది" అనెను.

వీరుడు దిగ్గున లేచెను. "గీకడమా? ఇరవై రెండేళ్ల పూత! తుప్పుని దగ్గరికి రానివ్వని కోట! తల తీసిమ్మను, ఇస్తాను. రంగు గీకమంటే మాత్రం ఈ కంఠంలో ప్రాణముండగా జరగదు!"

"మీ తలెవరిక్కావాలండీ? అది ఏ ఇంజనుకీ సరిపోదు" అని ఆ సాధ్వి టీ గ్లాసు చేతిలో పెట్టెను.

అంతలో కూతురు కూరగాయల కత్తి తెచ్చి, బ్రాకెట్టు ముందు కూర్చుండి గీకసాగెను. నీలిపూతలు పెళపెళ రాలెను. వాని క్రింద, బావమరిది పొరపాటున తెచ్చిన ఎరుపు. దాని క్రింద, వరదవచ్చిన యేటి ఆకుపచ్చ. ఒక్కొక్క ప్రాకారము కూలుచుండ సరంగు కన్నులు మూసుకొనెను. చిట్టచివర అడుగున పసుపు రంగు బయటపడెను.

"అక్కడ ఆగమ్మా" అనెను సరంగు. కన్నులు తెరచి ఆ పసుపునే చూచుచుండెను.

"ఏం నాన్నా?"

"అది నువ్వు పుట్టిన రోజు వేశాను. ఆసుపత్రిలో నిన్ను చూసొచ్చి, సంతోషంతో ఏం చెయ్యాలో తోచలేదు. పాకలో పసుపు డబ్బా కనిపించింది. ఇంజను మొత్తానికీ పూసేశాను. పలకుందో లేదో ఎవడు చూశాడు?"

కూతురు కత్తిని తండ్రి చేతికిచ్చి, "నాకోసం వేశారు కదా. నాకోసం మీరే గీకండి" అనెను.

వీరుడు గీకెను. పసుపుపొర క్రింద ఏడంకెలు, ఒక అక్షరము తళుక్కుమనెను.

తదనంతరము ఆ నెంబరును మంత్రమువలె జపించుచు, ఎదురైనవారి పలకరింపులకు కూడ నెంబరునే బదులిచ్చుచు, సరంగు సైకిలు త్రొక్కిన వేగమును వర్ణింప నాకు శక్తి చాలదు. సగము దిగిన షట్టరు క్రింద నుండి అతడు వంగి దూరెను. కొట్టాయన వ్రేలు పుస్తకములో ఒక వరుస వెంట దిగి, ఆగి, పై నుండి మూడవ సొరుగు చూపెను. పాకకు తేగానే ఆ చక్రము ఇరుసుపై కూర్చుండెను. మూత మూతపడెను.

సోమవారము ఉదయము ఏడుంబావునకు ఇంజను గర్జించెను. దాని ప్రక్కనున్న చిన్న రంధ్రము నుండి, పెన్సిలంత సన్నని నీటిధార, పంపు పనిచేయుచున్నదని చాటుచు చిమ్మెను. తెల్లయూనిఫారముతో పడవెక్కిన కూతురినైనను చూడక, సరంగు సగము దారి ఆ ధారనే చూచుచు నడపెను.

"నాన్నా, ముందు చూసి నడపండి" అనెను కూతురు.

జయము! దిగ్విజయము! ఏడు గంటల నలుబది నిమిషములకు పడవ ఆవలి ఒడ్డును ముద్దాడెను. ఈ గాథ విన్నవారికి సరియైన విడిభాగము మొదటి మారే దొరకుగాక. దొరకనివారు ముందు రంగు గీకి చూతురుగాక!

మరుసటి వారము వానలకు ముందు సరంగు యథావిధిగా నీలిడబ్బా విప్పి ఇరువది మూడవ పూత వేసెను. నాలుగు వ్రేళ్ల వెడల్పు చోటును మాత్రము వదలెను. అందు నెంబరున్నది, దాని చుట్టు, గీకగా మిగిలిన సన్నని పసుపు అంచున్నది. ఆ అంచుకు నీలిచుక్క తగులకుండ అతడు కుంచె వదలి చూపుడువ్రేలితో పూసెను.