పావడాకి అయిదు గుర్తులు

ఒక పెద్ద అడవిలో, నిజానికి అంత పెద్దదేం కాదు, పక్క అడవి వాళ్ళ ముందు అలా చెప్పుకోవడం అలవాటైపోయింది, ఒక బడి ఉండేది. మద్దిచెట్టు కింద నాలుగు రాళ్ళు, ఒక హెడ్మాస్టరు. ఆయన ఏకాంబరం గారని ఒక కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని పాఠం చెప్పేవారు. అది ఏకాగ్రత అని తల్లిదండ్రులు అనుకునేవారు. నిద్ర అని పిల్లలకి తెలుసు.

ఆ బడిలో రెండో తరగతి చదివే ఉడుతపిల్ల రేగికి ఒకటే కోరిక. కాపుకేక పదవి.

కాపుకేక అంటే, ఆటల గంటలో మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని, డేగ కనబడగానే కేక వేసే పని. ఆ కేక వినగానే పిల్లలందరూ పొదల్లో దూరాలి. ఏటా వార్షికోత్సవం నాడు చెట్టెక్కే పోటీ పెడతారు. ముందుగా కొస అందుకున్నవాళ్ళకి ఏడాదిపాటు ఆ పదవి. రేగి అమ్మమ్మ ఒకప్పుడు మూడేళ్ళు చేసింది. ఆ సంగతి ఇప్పటికీ అడగనివాళ్ళకి కూడా చెబుతుంది.

రేగి రోజూ సాధన చేసేది. రోజూ అందరికన్నా ముందు కొస అందుకునేది. కోతులవాళ్ళ తిమ్మడు రెండోవాడిగా వచ్చి, కాలు బెణికిందనేవాడు. బెణికిన కాలు మాత్రం రోజుకొకటి మారేది.

ఇలా ఉండగా బడి కమిటీ అధ్యక్షుడు నీలకంఠం గారు పట్నం పొలిమేర దాకా వెళ్ళొచ్చారు. నీలకంఠం గారు నెమలి. ఆయన వచ్చిన కాసేపటికి ఆయన తోక వస్తుంది. పట్నంలో ఒక మనుషుల బడి గోడ మీద కూర్చుని పూటంతా చూశారట. ఆడపిల్లలు పావడాల్లో, మగపిల్లలు నిక్కర్లలో బారులు తీరి నిలబడ్డారట. తిరిగొచ్చిన సాయంత్రమే కమిటీని పిలిచారు.

"మన పిల్లలు బట్టల్లేకుండా తిరుగుతున్నారు," అన్నారు.

అప్పటిదాకా ఎవరికీ ఆ ఆలోచనే లేదు. అందరూ ఒకసారి తమ వైపు చూసుకున్నారు. ఎలుగుబంటి పెద్దాయన మెల్లగా పొద వెనక్కి జరిగాడు.

"ఆడపిల్లలకి పావడా, మగపిల్లలకి నిక్కరు. వార్షికోత్సవం పోటీలకి కూడా యూనిఫాంలోనే రావాలి," అని నీలకంఠం గారు తేల్చేశారు.

కుట్టుపని గిజిగాడు పేరయ్యకి అప్పగించారు. వాళ్ళలో అల్లికలూ కుట్లూ మగవాళ్ళ పని. ఆడవాళ్ళు వచ్చి చూసి, బాగాలేదని చెప్పి వెళ్ళిపోతారు. పేరయ్య కట్టిన గూళ్ళు అయిదు అలా నచ్చకుండా పోయాయి, ఆరోదానికీ వంక పెట్టే వాళ్ళావిడ కాపురానికొచ్చింది. ఇన్నాళ్ళకి తన కుట్టుకి వంక పెట్టని గిరాకీ దొరికిందని పొంగిపోయి, వారం తిరక్కుండా టేకాకుల పావడాలూ మోదుగాకుల నిక్కర్లూ కుట్టి పడేశాడు.

రేగి పక్కన కూర్చునే కోడిపిల్ల జాజికి పావడా తెగ నచ్చింది. గిర్రున తిరిగి, కళ్ళు తిరిగి పడి, లేచి మళ్ళీ తిరిగేది.

రేగికి మాత్రం కుదరలేదు. ఉడుత తోక ఎప్పుడూ నిలబడే ఉంటుంది, అది ఉడుత తప్పు కాదు. తోకతోపాటు పావడా లేచి నెత్తి మీద గొడుగులా విచ్చుకునేది. ఎండకి బాగానే ఉండేది. చెట్టెక్కడానికే ఇబ్బంది. మొదటిరోజు రెండో కొమ్మ నుంచి పడింది, రెండోరోజు మొదటి కొమ్మ నుంచి. మూడోరోజు వేరు దగ్గరే పడింది.

"పావడాతోనూ ఎక్కొచ్చు. చేతనవ్వాలి అంతే," అన్నాడు తిమ్మడు, నిక్కరు వేసుకుని కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ.

రేగి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, నాకు నిక్కరు ఇప్పించండి. పావడా తోకకి తట్టుకుంటోంది."

ఏకాంబరం గారు ఒక కన్ను తెరిచారు. "ఆడపిల్ల తోక దించుకుని నడవాలమ్మా."

"దించితే తూలిపోతాను మాస్టారూ."

"తూలడం కూడా అందమేనమ్మా," అని ఆ కన్ను మూసేశారు.

ఇక లాభం లేదని రేగి తల్లి బూరుగమ్మ పిల్లని వెంటబెట్టుకుని కమిటీ దగ్గరికి బయల్దేరింది. దారిలో కుందేలు కాంతమ్మ ఎదురై బుగ్గలు నొక్కుకుంది.

"ఆడపిల్లకి నిక్కరేమిటి వదినా. రేపు దీని పెళ్ళెలా చేస్తావు?"

"మాలో పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్ళు తోక చూస్తారు కాంతమ్మా. నిక్కరు చూడరు," అని బూరుగమ్మ ఆగకుండా నడిచింది.

కమిటీ ముందు బూరుగమ్మ సంగతి చెప్పింది. నీలకంఠం గారు మెడ అడ్డంగా ఊపారు.

"దీనికి నిక్కరిస్తే రేపు మగపిల్లలు పావడాలు అడుగుతారు."

"అడగొచ్చా నాన్నా?" అని వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది. అది ఆయన కొడుకు చంద్రానిది. నీలకంఠం గారు వినబడనట్టు మెడ అటు తిప్పేశారు. అంత పొడుగు మెడతో అది పెద్ద పనేం కాదు.

ఇంతలో కాకి పోలమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, నాదీ ఒక గొడవ ఉంది. నా నలుగురిలో ఎవరు ఆడో ఎవరు మగో నాకే తెలీదు. గుడ్డు పెట్టిన రోజు చూసుకుందాంలే అనుకున్నాం. మాస్టారేమో రెండు పావడాలు, రెండు నిక్కర్లు ఇచ్చి పంపారు. పొద్దున్నే ముందు లేచినవాళ్ళు నచ్చింది తొడుక్కుని పోతున్నారు."

ఆ నలుగురిలో ఒకటి అసలు కాకిపిల్లే కాదనీ, గొంతు వింటే తెలిసిపోతుందనీ అడవంతా అనుకుంటుంది. పోలమ్మ ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు.

"నచ్చింది తొడుక్కోవడమా," అని నీలకంఠం గారు నిటారుగా నిలబడ్డారు. "ఇక లాభం లేదు. ఆడ అంటే ఏమిటో గుర్తులు రాసిపెట్టేద్దాం. వాటిని బట్టి ఎవరికేది ఇవ్వాలో తేలిపోతుంది. రాయండి మాస్టారూ. ఒంటి మీద సింగారం."

ఏకాంబరం గారు ముక్కుతో మట్టిపలక మీద గీశారు.

"పాట పాడటం. మబ్బు కనబడితే కాలు నిలవక ఆడటం. ఓపిగ్గా ఇల్లు కట్టుకోవడం."

"నాలుగయ్యాయండి."

నీలకంఠం గారు తోక ఒకసారి సర్దుకుని, అందరూ చూశారో లేదో చూసుకుని, "ఎవరైనా నన్ను చూస్తున్నారా అని మాటిమాటికీ చూసుకోవడం," అన్నారు. "అయిదింట్లో మూడుంటే పావడా. లేకపోతే నిక్కరు. పెద్దలం మనమే ఆదర్శంగా ఉండాలి కాబట్టి, వార్షికోత్సవానికి కమిటీ కూడా ఇదే ప్రకారం యూనిఫాంలో వస్తుంది. ఏడాది దాకా దీన్ని మార్చడానికి వీల్లేదు. లేకపోతే రోజుకొక తల్లి వచ్చి కూర్చుంటుంది."

నీలకంఠం గారి భార్య శాంతమ్మ కాస్త అవతల పుట్ట దగ్గర చెదలు ఏరుకుంటోంది. గోధుమరంగు మనిషి, చిన్న తోక, తన పని తనది. తల ఎత్తకుండానే అడిగింది.

"అంతేనా? రాసేశారా?"

"రాసేశాం."

"అయితే ముద్ర కూడా వేసేయండి, మట్టి ఆరకముందే."

నీలకంఠం గారు కాలు అద్ది ముద్ర వేశారు. భార్య ఇంతగా సహకరించడం అదే మొదటిసారని అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికి వస్తూ రేగి గుర్తులు లెక్కేసుకుంది. "అమ్మా, నా వీపు మీది చారలు సింగారమేనా?"

"పుట్టుకతో వచ్చినవి. ఏమంటారో మరి."

"రెండు దాకా ఫరవాలేదు కదా?"

"మూడు కాకుండా చూసుకో," అంది బూరుగమ్మ. రేగి ఆ వారమంతా కూనిరాగం కూడా తీయలేదు. మబ్బు పడితే కళ్ళు మూసుకుంది.

గుర్తుల పరీక్ష నాడు పిల్లలందర్నీ వరసలో నిలబెట్టారు. మొదటివాడు కోడిపుంజు కొడుకు పందెయ్య.

"నెత్తి మీద ఎర్ర జుట్టు. సింగారమే," అన్నారు ఏకాంబరం గారు. "పాడతావా?"

"రోజూ తెల్లారకముందే పాడతాను సార్. లేచారో లేదో అందరి వైపూ చూస్తాను కూడా."

"మూడు. పావడా."

తరవాత పేరయ్య కొడుకులు ముగ్గురు. పసుపుపచ్చగా మెరుస్తూ, పాడుకుంటూ, వరసలో నిలబడి కూడా గూడు అల్లుతున్నారు. ముగ్గురికీ పావడాలే. సింహం కొడుక్కి అప్పుడప్పుడే జూలు మొలుస్తోంది. వాగు నీళ్ళలో మొహం చూసుకుంటూ గొంతు సవరించుకున్నాడు. పావడా. తిమ్మడి ఎర్రమొహం, గంతులు, చుట్టూ చూసే చూపు కలిపితే మూడయ్యాయి. వాడికీ పావడా.

చంద్రం వంతు వచ్చేసరికి ఆకాశంలో ఒక చిన్న మబ్బు పడింది. అడగాల్సిన పని లేకుండా వాడు ఆడటం మొదలుపెట్టాడు. అయిదుకి నాలుగు.

జాజికి ఒక్క గుర్తూ లేదు. మట్టిరంగు ఒళ్ళు, కీచుగొంతు. పావడా లాక్కుని చేతిలో నిక్కరు పెట్టారు. పోలమ్మ పిల్లలు నలుగురికీ నిక్కర్లే. అందులో ఒకటి బాగా పాడింది గాని, పాట ఒక్కటే చాలదన్నారు.

రేగి చివర్లో నిలబడింది.

"చారలున్నాయి, సింగారం," అన్నారు ఏకాంబరం గారు. "గూడు కడతావా?"

"అమ్మ కట్టింది సార్. నేను పాడుచేశాను."

"పాట? ఆట?"

రేగి నోరు గట్టిగా మూసుకుని అడ్డంగా తల ఊపింది.

"ఎవరైనా చూస్తున్నారా అని చూసుకుంటావా?"

"డేగ చూస్తోందా అని చూస్తాను సార్."

ఏకాంబరం గారు చాలాసేపు ఆలోచించారు. నిద్రపోయారేమో అనుకుని అందరూ కంగారుపడ్డారు. "అది జాగ్రత్త కిందికి వస్తుంది," అన్నారు చివరికి. "ఒక్కటే. నిక్కరు."

మధ్యాహ్నం అయ్యేసరికి, పోలమ్మ పిల్లల సంగతి పక్కనబెడితే, బడిలో మగపిల్లలంతా పావడాల్లో ఉన్నారు, ఆడపిల్లలంతా నిక్కర్లలో ఉన్నారు. మగపిల్లలు ఒక్క నిమిషం సిగ్గుపడ్డారు. తరవాత చంద్రం గిర్రున తిరిగాడు. పావడా విచ్చుకుంది. ఆ వెంటనే బడి ఆవరణ నిండా బొంగరాలే. సింహం కొడుకు ఎనిమిదిసార్లు తిరిగి, పాఠం చెబుతున్న ఏకాంబరం గారి మీదే పడ్డాడు.

తండ్రులు ఉరుక్కుంటూ వచ్చారు. నీలకంఠం గారు మట్టిపలక మార్చమన్నారు.

"ఏడాది దాకా వీల్లేదని మీరే రాయించారండి," అన్నారు ఏకాంబరం గారు. "అన్నట్టు, పేరయ్య మీ కొలతలు అడుగుతున్నాడు. బడి కట్టించిన ఓపిక కూడా కలిపితే, అయిదుకి అయిదూ వచ్చింది మీకొక్కరికే."

నీలకంఠం గారి పావడాకి పేరయ్య ఒక టేకుచెట్టు మొత్తం బోడి చేశాడు. వార్షికోత్సవం నాడు ఆయన దాన్ని చుట్టుకుని వేదిక ఎక్కేసరికి అడవంతా నవ్వు ఆపుకుంటూ కూర్చుంది. శాంతమ్మ నిక్కరులో ముందు వరసలో కూర్చుని, వేరుసెనక్కాయ ఒకటి వలుచుకుంటోంది.

నీలకంఠం గారు అందరి వైపూ చూశారు. అందరూ తన వైపే చూస్తున్నారు. ఆ చూపు ఒంటికి పట్టేసరికి ఆయన గొంతు దానంతటదే లేచింది.

"పావడా మగవాడి సొత్తు," అన్నారు. "మన పూర్వీకులు పావడాల్లోనే యుద్ధాలు చేశారు. మధ్యలో ఎవరో దాన్ని ఆడవాళ్ళకి అంటగట్టారు. మనం తిరిగి తెచ్చుకున్నాం."

"మా తాత కూడా కట్టేవాడు," అంది కాంతమ్మ పక్కవాళ్ళతో. "నాకు బాగా గుర్తు." వాళ్ళ తాత ఆవిడ పుట్టకముందే పోయాడు.

చప్పట్లు ఆగాక పోటీ పెట్టారు. తిమ్మడు పావడా కుచ్చిళ్ళు పట్టుకుని చెట్టు వైపు నీరసంగా చూశాడు.

"ఇది వేసుకుని ఎలా ఎక్కను?"

"పావడాతోనూ ఎక్కొచ్చు తిమ్మన్నా," అంది రేగి. "చేతనవ్వాలి అంతే."

గంట కొట్టారు. రెండో కొమ్మ దగ్గర తిమ్మడి పావడా తలమీదికి వచ్చేసింది. వాడు జారి కిందపడి, కళ్ళు కనబడక తడుముకుంటూ చెట్టు దొరికిందని ఏకాంబరం గారి కాలు పట్టుకున్నాడు. అప్పుడు ఆయనకి నేల మీద ఉన్నది ఆ ఒక్క కాలే. ఇద్దరూ కలిసి పడ్డారు. వాళ్ళు లేచేసరికి రేగి చిటారుకొమ్మన ఉంది. అమ్మమ్మ కింద అందరికీ తన మూడేళ్ళ సంగతి మొదలుపెట్టేసింది.

ఆ మర్నాడు మట్టిపలకకి ఒక వివరణ చేర్చారు. పావడా మగపిల్లలదే. ఆడపిల్లలు దాన్ని ముట్టుకోకూడదు.

జాజి ఆ రోజంతా మెతుకు ముట్టలేదు. "నాకు పావడానే కావాలి రేగీ."

రేగి దాన్ని వెంటబెట్టుకుని నీలకంఠం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అద్దంలాంటి వాగు ముందు కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు.

"జాజికి ఒక పావడా ఇప్పించండి. చంద్రానికేమో ఎండలో నిక్కరే హాయిగా ఉందట."

"ఆడపిల్ల పావడా కట్టడమేమిటమ్మా," అన్నారు నీలకంఠం గారు ఎంతో నొచ్చుకుని. "అడవి ఏమైపోవాలి?"

పిల్లలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని వచ్చేశారు.

ఇప్పుడు ఆటల గంటలో రేగి చిటారుకొమ్మన కూర్చుంటుంది. కింద పొదల చాటున పిల్లలు బట్టలు మార్చుకుంటారు. జాజి పావడాలో గిర్రున తిరుగుతుంది. చంద్రం ఒకరోజు అది, ఒకరోజు ఇది. పోలమ్మ పిల్లలు ఒక్కొక్కళ్ళూ రెండేసి వేసుకుంటారు. సింహం కొడుకు ఏమీ వేసుకోడు.

రేగి ఒక కేక వేస్తే డేగ వస్తున్నట్టు. రెండు కేకలు వేస్తే కమిటీ వస్తున్నట్టు. ఈ ఏడాది ఒక కేక వినబడింది రెండుసార్లే. రెండు కేకలు మాత్రం రోజూ వినబడుతున్నాయి. కమిటీ వచ్చేసరికి పావడాలు పావడాల్లాగా, నిక్కర్లు నిక్కర్లలాగా వరసలో నిలబడి ఉంటాయి. క్రమశిక్షణ అంటే ఇదీ అని నీలకంఠం గారు మురిసిపోతారు.

నీతి: అనాదిగా వస్తున్న ఆచారాన్ని గౌరవించాలి, అది మొన్న బుధవారం మొదలైనా సరే.