కూలెంటు దొరకని ఆదివారం

నవ్వండి, పర్లేదు. మార్కాపురంలో సగం మంది ఇప్పటికే నవ్వేశారు. మిగతా సగం మీరేననుకుంటాను.

మా ఆవిడ స్టెల్లాకు నర్సు ఉద్యోగం వచ్చింది. పుల్లలచెరువు అవతల ఒక పల్లెలో, గవర్నమెంటు క్లినిక్‌లో. సోమవారానికల్లా చేరకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది. ఆ ఊరికి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మా పాత కారే దిక్కు. ఆ కారు కూడా నాకంటే ఆమే బాగా నడుపుతుందని మా అత్త ఎలీషబా వీధి వీధికీ చెప్పి వచ్చింది.

నాకు ఇష్టం లేదు. మీ దగ్గర దాపరికమెందుకు? నాది ఫ్లెక్సీల షాపు. ఎన్నికలొస్తే బిర్యానీ, లేకపోతే మజ్జిగన్నం. ఆమె జీతం మొదలైతే ఇంట్లో నా మాట ఎవరు వింటారు? ఇప్పుడు వింటున్నారని కాదు. కనీసం విన్నట్టు నటిస్తున్నారు.

వద్దని మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని శనివారం పొద్దున్నే కారు కిందికి దూరి రేడియేటర్ అడుగున బిరడా తిప్పేశాను. ఉన్న కూలెంటంతా బకెట్లోకి కారింది. తుప్పు రంగులో, పాచిపోయిన చింతపులుసులాగా ఉంది.

"ఏందయ్యా అది?" అంది స్టెల్లా.

"కూలెంటు. ఇంజన్ని చల్లగా ఉంచేది. చెడిపోయింది. ఇట్లనే పోయుంటే దారిలో ఇంజను పట్టేసేది."

"అయితే కొత్తది పొయ్యి."

"పొయ్యడానికి మంచినీళ్లనుకుంటివా? దీనికి సరిపడేది ఈడ దొరకదు. ఒంగోలు నుంచి రావాల. రేపు ఆదివారమాయె. మంగళవారం అనుకో."

ఆమె ఏమీ అనకపోతే నేను గెలిచాననుకోవడం పెళ్లయిన కొత్తలో పట్టుకున్న జబ్బు. ఇంకా నయం కాలేదు.

ఫోను తీసి చర్చి గ్రూపులో ఒక ముక్క పెట్టింది. సోమవారం పొద్దున బండి బయల్దేరాలి, కూలెంటు కావాలి, ప్రార్థన చేయండి అని. మామూలుగా మా సంఘంవాళ్లు ఏ కష్టానికైనా ప్రార్థనతో సరిపెడతారు. ఆ రోజు వాళ్లకేం పుట్టిందో, డబ్బాలు పట్టుకుని బయల్దేరారు.

ముందు సంఘపెద్ద, ఆయన్ని మేము చాటుగా ఆమెన్ పెదనాయన అంటాం, ట్రాక్టరు షెడ్డులోంచి ఆకుపచ్చది తెచ్చాడు. నేను డబ్బా తిప్పి చూసి పెదవి విరిచాను. పాత రకం, ఎక్కువ కాలం ఆగదన్నాను. తర్వాత లారీ ఉన్నాయన నీలం రంగుది తెచ్చాడు. అది వేరే కంపెనీ బండ్లదని తిప్పి పంపాను. పాటలు పాడే టీచరమ్మ ఎర్రది తెచ్చి, మీ బండిలో ఉండేది ఈ రంగే కదా అంది.

రంగు చూసి కూలెంటు పొయ్యడం, చీర చూసి పిల్లను చేసుకోవడం ఒకటేనని చెప్పాను. రంగు ఒకటే అయినా లోపలి మందు వేరే ఉంటుంది, పడని రకాలు రెండు కలిస్తే గంజిలాగా గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. ఆవిడ భయపడి డబ్బా వెనక్కి తీసుకుంది.

బాధేమిటంటే, చెప్పిందంతా నిజమే. శనివారం పొద్దున నాకు కూలెంటు గురించి అక్షరం తెలియదు. వచ్చిన ప్రతి డబ్బానూ కాదనడానికి ఫోన్లో చదివి చదివి చీకటిపడేసరికి పండితుణ్ణయ్యాను. టెన్త్‌లో ఇట్లా చదివుంటే ఈ ఫ్లెక్సీల బతుకు తప్పేది.

ఆదివారం ఆరాధన అయ్యాక యోబు వచ్చాడు. స్టెల్లాకు చిన్నమ్మ కొడుకు, మెకానిక్కు, నా పాలిట శని. కారుతోపాటు వచ్చిన పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి, పక్కన డబ్బా పెట్టాడు.

"దీంట్లో రాసిన రకం ఇదే బావా. గిద్దలూరులో మా దోస్తు దగ్గర తెచ్చినా."

నా దగ్గర ఒక్క బాణమే మిగిలింది. ఇది చిక్కటిది, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, మన బోరు నీళ్లకు మనుషుల పళ్లే గార పట్టాయి, రేడియేటర్ నిలుస్తుందా అన్నాను. ఆ మాట పక్కింటి బ్యాటరీల పుల్లన్న గోడ మీదుగా విన్నాడు. బ్యాటరీల్లో పోసే ఆ నీళ్లు క్యాన్లకు క్యాన్లు గోడ దాటించాడు.

ఇక తప్పలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నీళ్లు పోసి, ఇంజను నడిపి, చల్లారనిచ్చి, ఆ నీళ్లు కిందికి వదిలేసి, మళ్లీ పోసి, తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, చివరికి యోబు తెచ్చింది పోశాను. సంఘమంతా నీడన కూర్చుని చూసింది. మా అత్త వాళ్లందరికీ భోజనాలు పెట్టింది. నా వంతుకు మాడు మిగిలింది.

సోమవారం తెల్లారి లేచేసరికి కారులో బియ్యం బస్తా ఉంది, పొయ్యి ఉంది, మిక్సీ ఉంది. పైన మా అత్త మంచం కట్టి ఉంది. ముందు సీట్లో మా అత్తే ఉంది.

"చేరేదానికి సంతకం చాలు గదా, మంచమెందుకే?"

"సంతకం శుక్రవారమే పెట్టొచ్చినా. యోబన్న తీసకపోయినాడు. దినామూ రానుపోను కుదరదు, ఆడ్నే ఇల్లు తీసుకున్నా."

"మరి నిన్నంతా నన్ను ఎండలో ఎందుకు మాడ్చినావు?"

"నువ్వు బకెట్ పెట్టినప్పుడే అర్థమైంది. బండి రేడియేటరు కడగమని ఎన్నాళ్లుగా మొత్తుకుంటాండా? నన్ను ఆపేదానికైనా కడుగుతాండావులే అని ఊరుకున్నా." తాళం తిప్పింది. "నువ్వూ వస్తానంటే రా."

షాపుంది కదా అన్నాను. ఉంటే ఉండు అంది. కారు సందు మలుపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, మీరు నవ్వినా సరే.

సాయంత్రం ఫోను చేసింది. "బండి యాడా వేడెక్కలేదయ్యా. బాగా చేసినావు."

పెళ్లయ్యాక ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. తిన్నావా అని కూడా అడుగుతుందేమోనని ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. పెట్టేసింది.